అహ్మదాబాద్ పాత నగరాన్ని ఒక్క రోజులో కాలినడకన చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో ఒక పెళ్లి కోసం మా అమ్మగారు, నేను వడోదర వెళ్తున్నాము. తిరుగు రైలు అహ్మదాబాద్‌లో రాత్రి పూట ఎక్కవలసి ఉన్నందున, ఆ ఊళ్లో ఉదయం నుంచి చీకటి పడేవరకు ఒక రోజు దొరుకుతుంది. కార్లో తిరుగుతూ పది చోట్ల దిగి ఫొటోలు తీసుకోవడం కంటే, ప్రాకారం లోపలి పాత నగరాన్ని నడుస్తూ చూడాలని మా ఇద్దరి కోరిక. అమ్మగారికి డెబ్భై దగ్గరపడుతున్నాయి. సమతలమైన దారిలో, మధ్య మధ్య కూర్చుంటూ చాలాసేపు నడవగలరు గానీ ఎత్తైన మెట్లు ఎక్కలేరు.

నా సందేహాలు ఇవి. నడక ఏ వైపు నుంచి మొదలుపెడితే మంచిది, అసలు ఆ క్రమానికి ప్రాముఖ్యం ఉన్నదా? పాత పటాలలో నగరం చుట్టూ గోడ స్పష్టంగా కనిపిస్తున్నది, కానీ ఇప్పటి పటాలలో ఎంత వెదికినా కనిపించడం లేదు. అది ఎక్కడ మిగిలి ఉన్నది? జనం కాపురం ఉండే సందులలోకి పరాయివాళ్లం వెళ్లడం వారికి ఇబ్బంది కలిగిస్తుందా? చివరగా, సబర్మతి ఆశ్రమాన్ని, అడాలజ్ మెట్లబావిని కూడా అదే రోజులో కలుపుకోవచ్చా?

మొదటి సమాధానం

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలిన ఏర్పాటంతా దానిమీదే ఆధారపడి ఉన్నది. ఆశ్రమాన్ని, అడాలజ్‌ను ఈ రోజులో కలపవద్దు. రెండూ చూడదగినవే. అయితే ఆశ్రమం నదికి అవతలి ఒడ్డున ఉన్నది, మెట్లబావి గాంధీనగర్ వైపు ఊరి బయట ఉన్నది. ఆ రెంటినీ చేర్చిన మరుక్షణం మీ రోజులో సగం ఆటోలలో గడిచిపోయి, పాత నగరానికి మిట్టమధ్యాహ్నపు రెండు గంటలు మాత్రమే మిగులుతాయి. 2017లో యునెస్కో అహ్మదాబాద్ పాత నగరానికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. మన దేశంలో ఆ హోదా పొందిన మొదటి నగరం ఇదే. ఆ హోదాకు మసీదులు, సమాధులు ఎంత కారణమో, తరతరాలుగా జనం కాపురం ఉంటున్న పోళ్‌లు కూడా అంతే కారణం. పోళ్ అంటే ఒకే వాకిలి గుండా లోపలికి వెళ్లే, రాత్రి పూట తలుపు మూసుకోగలిగిన ఇరుకైన పేట. ఒకప్పుడు ఒకే కులానికో, ఒకే వృత్తికో, ఒకే మతానికో చెందినవారు ఒక్కో పోళ్‌లో కలిసి ఉండేవారు. తొందరపడే వారికి పోళ్‌లో కనిపించేవి పాత తలుపులు, వేలాడే కరెంటు తీగలు మాత్రమే.

గోడ విషయంలో మీకు కొంత నిరాశ తప్పదు. సుల్తాన్ అహ్మద్ షా 1411లో సబర్మతి తూర్పు ఒడ్డున భద్ర కోటతో ఈ నగరానికి పునాది వేశాడు. ఊరంతటినీ చుట్టిన ప్రాకారాన్ని ఆయన మనవడు మహ్మూద్ బేగడా 1487 ప్రాంతంలో కట్టించాడని, దాని చుట్టుకొలత దాదాపు 10 కిలోమీటర్లని, దానికి 12 దర్వాజాలు, 189 బురుజులు ఉండేవని చరిత్రకారులు రాశారు. ఇందులో నాకు వింతగా తోచే సంగతి ఒకటి ఉన్నది. ఈ నగరపు పురపాలన 1830ల నాటి గోడ మరమ్మతుల సంఘం నుంచి పెరిగింది. తరువాతి శతాబ్దంలో అదే పురపాలక వ్యవస్థ, ఊరు గోడ దాటి విస్తరించడంతో, రోడ్ల కోసం ఆ గోడను చాలావరకు కూల్చివేసింది. ఇప్పుడు నది వైపు కొన్ని ముక్కలు మిగిలాయి. దర్వాజాలు చాలావరకు నిలిచి ఉన్నాయి కానీ, ఇరువైపులా గోడ లేకుండా, చుట్టూ వాహనాలు తిరుగుతుండగా ఒంటరిగా నిలబడి ఉంటాయి. మీరు అహ్మదాబాద్ ప్రధాన స్టేషన్ అయిన కాలూపూర్‌లో దిగితే కాలూపూర్ దర్వాజా దగ్గరలోనే ఉంటుంది. దాన్ని ఒక్కసారి చూసి ముందుకు సాగండి, గోడ కోసం ప్రత్యేకంగా నడవవలసిన అవసరం లేదు.

నడకను కాలూపూర్‌లోని స్వామినారాయణ మందిరం నుంచి మొదలుపెట్టమని నా సలహా. ఆ సంప్రదాయానికి ఇది మొట్టమొదటి ఆలయం, 1822 నాటిది. బర్మా టేకుతో చేసిన స్తంభాలు, వాటి మీద రంగులద్దిన శిల్పాలు ఉదయపు వెలుగులో బాగా కనిపిస్తాయి. నగరపాలక సంస్థ 1997 నుంచి నడుపుతున్న వారసత్వ నడక కూడా ఉదయం పూట ఇక్కడి నుంచే బయలుదేరి, పోళ్‌ల మీదుగా జామా మసీదు దగ్గర ముగుస్తుంది. దానికి ముందుగా పేరు నమోదు చేసుకోండి. దూరం పెద్దగా ఉండదు, దారి దాదాపుగా సమతలమే. నడుపుతున్న వ్యక్తి వెంట గుంపుగా వెళ్లడం మీకు ఇష్టం లేకపోయినా ఈ ఒక్క భాగానికి మాత్రం వారితో వెళ్లడమే మేలు. ఒక పోళ్ నుంచి ఇంకో పోళ్‌లోకి ఇళ్ల గోడల మధ్యగా దారితీసే రహస్య మార్గాలు ఉన్నాయి. వాటి వాకిలి చూస్తే ఎవరింటి తలుపో అనిపిస్తుంది, తెలిసినవారు ముందు నడిస్తే తప్ప మనం లోపలికి అడుగు పెట్టము.

ఆ దారిలో మీరు నిదానించవలసిన చోట్లు కొన్ని చెబుతాను. లంబేశ్వర్ ని పోళ్‌లో గుజరాతీ కవి దల్పత్‌రామ్ ఇంటి స్థానంలో, ఆయన తన అరుగు మీద కూర్చుని ఉన్నట్లుగా ఒక లోహ విగ్రహం పెట్టారు. అమ్మగారు పక్కనే కూర్చుని కాసేపు అలసట తీర్చుకోవచ్చు. హాజా పటేల్ ని పోళ్‌లో కాలా రామ్‌జీ మందిరం ఉన్నది. అక్కడి రాముడి విగ్రహం నల్లరాతిది, కూర్చున్న భంగిమలో ఉంటుంది. దోశీవాడా ని పోళ్‌లో జైన ఆలయాలు, చెక్కపని నిండిన ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. హర్‌కుఁవర్ శేఠాణీ హవేలీ ముందు ఆగి, పై అంతస్తును మోస్తున్న చెక్క ఆధారాలను ఒక్కొక్కటిగా చూడండి. భర్త హఠీసింగ్ మరణించాక, ఆయన మొదలుపెట్టిన పాలరాతి జైన ఆలయాన్ని పూర్తి చేయించిన స్త్రీ ఆమె.

ఇంటి లోపలికి ఎవరైనా పిలిస్తే మాత్రం మొహమాటపడవద్దు. మన మండువా లోగిలి లాగే నడుమ ఆకాశానికి తెరిచిన ముంగిలి, చుట్టూ గదులు కనిపిస్తాయి. ఆ ముంగిలి కింద టాంకా అనే నీటి తొట్టి ఉంటుంది. వాన కురిసినప్పుడు డాబా మీద పడిన నీరు గొట్టం గుండా ఆ తొట్టిలోకి దిగేది, వెలుతురు తగలని ఆ నీటిని ఏడాది పొడవునా తాగడానికి వాడుకునేవారు. సందు మధ్యలో స్తంభం మీద చిన్న మండపంలా నిలిచి ఉండేది చబుత్రో, పక్షులకు గింజలు వేసే చోటు. ఇటుక గోడల మధ్య అడ్డంగా పొదిగిన చెక్క దూలాలను కూడా గమనించండి. భూమి కంపించినప్పుడు గోడ ఒక్కసారిగా విరగకుండా కాస్త వంగే వీలు వాటివల్ల కలుగుతుంది.

సందులలోకి పరాయివారు వెళ్లడం గురించి అడిగారు. పోళ్ వాసులు వచ్చిపోయేవారిని చూసి అలవాటు పడ్డారు, హిందీలో పలకరిస్తే బదులిస్తారు. అయినా తెరిచి ఉన్న తలుపులోకి కెమెరా గురిపెట్టడం, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను అడగకుండా ఫొటో తీయడం మాత్రం మర్యాద కాదు.

రెండవ సమాధానం

పై సమాధానంలో పోళ్‌ల గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే గానీ, నడక మొదలుపెట్టవలసిన చోటు విషయంలో నాది వేరే అభిప్రాయం. కాలూపూర్ నుంచి వచ్చేవారు నగరాన్ని వెనుక వాకిలి నుంచి చూసినవారవుతారు. అహ్మద్ షా ఈ నగరాన్ని పడమటి నుంచి తూర్పుకు ఒక వరుసలో కట్టాడు: నది ఒడ్డున భద్ర కోట, దాని ముందు విశాలమైన మైదానం, ఆ మైదానం చివర మూడు కమానుల తీన్ దర్వాజా, అది దాటాక జామా మసీదు, మసీదు తూర్పు వాకిలి ఎదురుగా ఆయన సమాధి, దాని వెనుక రాణుల సమాధులు. రాజు కోటలో నుంచి బయలుదేరి, ఆ మూడు కమానుల కింది నుంచి మసీదుకు వచ్చే దారి ఇది. ఈ వరుసను కోట వైపు నుంచి నడిచినవారికి నగరపు ప్రణాళిక పటం లేకుండానే అర్థమవుతుంది. ఎదురు దిశలో వచ్చినవారికి అవే కట్టడాలు విడివిడిగా, బజారు మధ్యలో అనుకోకుండా తగిలినట్టు కనిపిస్తాయి.

మైదానం ఇప్పుడు మైదానంగా లేదన్న మాట నిజమే. భద్ర ముందు భాగాన్ని నడిచేవారి కోసం కేటాయించారు, కానీ చిల్లర వ్యాపారుల బళ్లు, గుడ్డల గుట్టలు దాన్ని నింపేశాయి. నా దృష్టిలో అది లోపం కాదు. కోట ముందు బజారు ఉండడం ఈ ఊరికి కొత్త సంగతి కాదు కదా. కోటలో మొఘల్ సుబేదారు, అంటే ప్రాంతీయ పాలకుడు, ఆజం ఖాన్ 17వ శతాబ్దంలో సరాయి, అంటే ప్రయాణికుల విడిది, కట్టించాడు. తరువాత మరాఠాల కాలంలో అందులో ఒక భాగం భద్రకాళి గుడిగా మారింది. సుల్తాను కోట, మొఘల్ సరాయి, మరాఠా గుడి ఒకే చోట ఉన్నాయన్నమాట.

తీన్ దర్వాజా దగ్గర చాలామంది కమానుల కింద నుంచి ఆటోలను తప్పించుకుంటూ వెళ్లిపోతారు. మీరు రెండు విషయాల కోసం ఆగండి. కమాను స్తంభంలోని ఒక గూటిలో లక్ష్మీదేవి పేరిట దీపం వెలుగుతూ ఉంటుంది. నగరం విడిచి వెళ్లబోయిన లక్ష్మిని కోత్వాల్ ఒకడు తాను తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండమని మాట తీసుకుని, ఆమె ఎన్నటికీ కదలకుండా తన ప్రాణం ఇచ్చాడని కథ. ఆ దీపాన్ని తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం వెలిగిస్తూ వస్తున్నది. రెండవది, దేవనాగరి లిపిలో ఉన్న 1812 నాటి రాతి శాసనం. తండ్రి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఉన్నదని మరాఠా సుబేదారు చిమ్నాజీ రఘునాథ్ అందులో ప్రకటించాడు. ఆ కాలంలో, ఒక రద్దీ వాకిలి మీద, అందరి కళ్లా పడేలా ఈ మాట చెక్కించారు. మసీదుల జాలీల (జల్లెడలా చెక్కిన రాతి తెరల) కంటే ఎక్కువగా దీన్నే చూడాలని నేను చెబుతాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆశ్రమాన్ని, అడాలజ్‌ను ఇంకో ప్రయాణానికి వదిలేస్తున్నాము. క్రమం విషయంలో మాత్రం మీ ఇద్దరి వాదనా సరిగ్గానే తోస్తున్నది. వారసత్వ నడక ఉదయమే కాలూపూర్‌లో మొదలవుతుంది కాబట్టి, అది ముగిశాక రెండవవారు చెప్పిన వరుసను ఎలా నడవాలో తెలియడం లేదు. అలాగే మసీదులలోకి, సమాధులలోకి స్త్రీలను రానిస్తారా? మధ్యాహ్నం అమ్మగారు నీడలో కూర్చోవడానికి ఎక్కడ వీలవుతుంది?

మూడవ సమాధానం

నేను మా అత్తగారితో ఈ దారిలో నడిచాను కాబట్టి ప్రవేశం గురించి, కూర్చునే చోట్ల గురించి చెప్పగలను.

జామా మసీదు ప్రాంగణంలోకి స్త్రీలు వెళ్లవచ్చు. చెప్పులు వదలాలి, తల మీద కొంగు కప్పుకోవాలి, నమాజు సమయంలో, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, వెళ్లకుండా చూసుకోవాలి. మీ ప్రయాణం శుక్రవారం నాడు పడితే మసీదును ఉదయం ముగించండి, లేదా సాయంత్రానికి పెట్టుకోండి. 1424లో పూర్తయిన ఈ మసీదు పసుపు ఛాయ గల ఇసుకరాతితో కట్టినది; ప్రార్థనా మందిరంలో 260 స్తంభాలు, పైన 15 గుమ్మటాలు ఉన్నాయి. స్తంభాల మీది గంటలు, తామరలు, తోరణాలు చూస్తే దేవాలయ శిల్పుల చెయ్యి ఇట్టే తెలిసిపోతుంది. ముఖద్వారానికి ఇరువైపులా ఎత్తైన మినార్లు ఉండేవి. 1819 నాటి కచ్ భూకంపంలో వాటి పైభాగాలు దెబ్బతిని పడిపోయాయి, ఇప్పుడు కింది చెక్కడపు భాగాలే మిగిలాయి. ప్రాంగణం రాతి పలకలు ఎండలో బాగా కాలుతాయి. ఫిబ్రవరిలో కూడా మధ్యాహ్నానికి పాదాలకు ఆ సంగతి తెలుస్తుంది, కనుక అమ్మగారికి మేజోళ్లు తీసుకువెళ్లండి. ప్రాంగణం చుట్టూ ఉన్న నీడ వసారాలలో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. నాకు తెలిసి పాత నగరం మొత్తంలో ఇంత చల్లగా, ఇంత నిశ్శబ్దంగా కూర్చోగలిగిన చోటు ఇంకొకటి లేదు.

తూర్పు వాకిలి దాటితే బాద్‌షా నో హజీరో, అంటే అహ్మద్ షా సమాధి. దాని మధ్య గదిలోకి స్త్రీలను అనుమతించరు. మగవారు కూడా తల కప్పుకుని వెళ్లాలి. మీరిద్దరూ స్త్రీలయితే చుట్టూ ఉన్న వరండాలోని రాతి జాలీలను చూసి ముందుకు సాగండి, అమ్మగారిని బయట కూర్చోబెట్టి వాదించడం వృథా. రాణీ నో హజీరోలో సమాధులు ఆరుబయట ఎత్తైన ప్రాంగణంలో ఉన్నాయి. పైకి మెట్లు ఉంటాయి. ఎక్కలేకపోతే బాధ లేదు, దాని గోడలను ఆనుకుని బట్టల దుకాణాలు ఉన్నాయి, అమ్మగారి మనసు బహుశా అక్కడే నిలుస్తుంది.

సీదీ సయ్యద్ మసీదును సాయంత్రానికి ఉంచండి. దీన్ని గుజరాత్ సుల్తానుల పాలన ముగిసిన కాలంలోనే, 1572-73లో, ఇథియోపియా నుంచి వచ్చిన హబ్షీ వర్గానికి చెందిన సీదీ సయ్యద్ కట్టించాడు. ప్రసిద్ధమైన చెట్టు జాలీలు పడమటి గోడలో ఉన్నాయి. కొమ్మలు ఒకదానినొకటి పెనవేసుకుంటూ పైకి పాకిన ఆ చెట్టునే అహ్మదాబాద్ ఐఐఎం తన చిహ్నానికి ఆధారంగా తీసుకున్నది. పొద్దు పడమటికి వాలాక లోపలి నుంచి చూస్తే రాయి నల్లబడి, ఆకుల మధ్య ఖాళీలే వెలుగుతాయి. ప్రార్థనా మందిరం లోపలికి వెళ్లే విషయంలో అక్కడివారు చెప్పినట్టు నడుచుకోండి. వెళ్లలేకపోయినా మసీదు వెనుకవైపు నుంచి అదే జాలీని చూడవచ్చు, సాయంత్రపు ఎండ సూటిగా దాని మీద పడుతున్నప్పుడు చెక్కడపు లోతు అటునుంచే బాగా తెలుస్తుంది. మసీదు చిన్నది, చుట్టూ లాల్ దర్వాజా కూడలి రద్దీ ఎక్కువ. రోడ్డు దాటేటప్పుడు మాత్రం అమ్మగారి చెయ్యి పట్టుకోండి.

మొదటి సమాధానం రాసినవారు, మళ్లీ

క్రమం గురించిన చిక్కును ఇలా విప్పవచ్చు. ఉదయం కాలూపూర్ నుంచి పోళ్‌ల మీదుగా జామా మసీదు దగ్గరి మాణెక్ చౌక్ బజారు దాకా రండి. అక్కడ రాణుల సమాధిని, రాజు సమాధిని చూసి, జామా మసీదులో ఎండ తగ్గేదాకా విశ్రాంతి తీసుకోండి. ఆ తరువాత ఆటోలో నేరుగా భద్ర దగ్గర దిగి, కోట చూసి, తీన్ దర్వాజా దాకా నడిచి, కమానుల కింద నిలబడి మసీదు వైపు చూడండి. రెండవవారు చెప్పిన వరుసలోని మిగిలిన సగాన్ని అప్పటికే చూసి ఉంటారు కనుక, ఆ చూపుతో నగరపు ప్రణాళిక పూర్తవుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి భద్ర పక్కగా సీదీ సయ్యద్ మసీదుకు కొద్ది నిమిషాల నడక. రాజు దారిని ఒకే ఊపున నడవాలని వారు పట్టుబడితే నేను కాదనను గానీ, డెబ్భై ఏళ్ల మనిషిని బజారు రద్దీలో ఉదయపు చల్లని వేళ నడిపించి, పోళ్‌లను ఎండవేళకు వదిలేయడం నాకు నచ్చదు.

మాణెక్ చౌక్ గురించి రెండు మాటలు. ఉదయం ఆవులకు గడ్డి వేసేవారు, పగలు బంగారం, వెండి వర్తకులు, రాత్రి తినుబండారాల బళ్లు, ఇలా ఒకే చోటు పూటకో రూపం మారుస్తుంది. 1894లో స్థాపించిన అహ్మదాబాద్ స్టాక్ ఎక్స్చేంజి పాత భవనం కూడా అక్కడే ఉన్నది; బొంబాయి తరువాత దేశంలో మొదలైనది అదే. మీ రైలు బాగా రాత్రి పొద్దుపోయాక అయితే తిరిగి వెళ్లేటప్పుడు చౌక్ రాత్రి రూపాన్ని కూడా చూడండి, స్టేషన్ అక్కడికి దగ్గరే. రైలు తొందరగా ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది, ఆ సమయంలో సందులన్నీ వాహనాలతో బిగుసుకుపోతాయి.

ఢిల్లీ దర్వాజా బయట ఉన్న హఠీసింగ్ ఆలయాన్ని నేను కావాలనే జాబితాలో చేర్చలేదు. 1848 నాటి ఆ పాలరాతి ఆలయం ఎంతో అందమైనది, హర్‌కుఁవర్ శేఠాణీ ఇల్లు చూసినవారికి ఆమె పూర్తి చేయించిన గుడిని కూడా చూడాలనిపించడం సహజం. కానీ అది నడక దారిలో లేదు. జామా మసీదులో కూర్చున్న తరువాత అమ్మగారికి ఓపిక ఉన్నదో లేదో ఆమెనే అడగండి. ఉన్నదంటే భద్రకు వెళ్లే ముందు ఆటోలో ఒక చుట్టు తిరిగి రావచ్చు, ఆలయం మధ్యాహ్నం ఎప్పుడు మూస్తారో, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. సామాను మాత్రం ఉదయమే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేయండి, చక్రాల పెట్టెతో పోళ్‌లో నడవడం సాధ్యం కాదు.